ఒళ్ళో బియ్యం సంచీ, కింద గడ్డిమిషను

ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి, జర్మన్‌లో ఫోన్ రావడం. రెండోది, ఉన్న గది ఊడిపోవడం. మొదటిదానికి విరుగుడు ఉంది, ఫోన్ ఎత్తకపోతే సరి. రెండోదానికి మాత్రం పాడర్‌బోర్న్‌లో చదువుకునే ఏ కుర్రాడి దగ్గరా మందు లేదు. హాస్టల్లో పేరు రాయించుకున్నవాడికి చదువు అయిపోయాక గది వచ్చేది. (అలా వచ్చిందని తెలిసి నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోయినవాడు నా స్నేహితుల్లోనే ఉన్నాడు.) అలాంటి ఊళ్ళో నేను మాత్రం, బస్సు దిగి కాస్త నడిస్తే వచ్చే ఒక పల్లెలో, మన తెలుగు డాక్టరుగారి ఇంటి పైగదిలో, అద్దె అనే మాట లేకుండా ఉండేవాణ్ణి. మీటె (జర్మన్‌లో అద్దె) బదులు గడ్డి. అంటే వాళ్ళ ఇంటిచుట్టూ ఉన్న పచ్చికను వారం వారం కోసిపెట్టడమే నా అద్దె. ఈ సంగతి మా అమ్మకు ఫోన్లో చెబితే, "వాళ్లకు బర్లు ఎన్ని ఉన్నయిరా?" అని అడిగింది. ఒక్కటి కూడా లేదని, కోసిన గడ్డిని పారబోస్తారని చెబితే, "పారబోస్తరా?" అని రెండుసార్లు అడిగింది.

డాక్టరుగారిది హన్మకొండ పక్క. నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ చెవులూ ముక్కులూ గొంతులూ బాగుచేసి, రిటైరై కూర్చున్నారు. నేను "సార్" అనేవాణ్ణి. ఆయన భార్యను మాత్రం మొదటిరోజే "మేడమ్" అనబోతే, "మేడమ్ గీడమ్ ఏంది, అమ్మా అను" అని చేతిలో సకినాలు పెట్టింది. అంతే, అమ్మ అయిపోయింది. సార్ సగం జర్మన్ మనిషి. టీ తాగాలన్నా గడియారం చూసేవారు. ఆదివారం మేకు కొట్టనిచ్చేవారు కాదు. అమ్మ మాత్రం ఇన్నేళ్ళయినా హన్మకొండ చౌరస్తా దాటి రాలేదు. ఇద్దరికీ ఒక్క విషయంలోనే ఏకాభిప్రాయం: గడ్డి పొట్టిగా ఉండాలి. సార్‌కు పక్కింటివాళ్ళ కళ్ళ భయం, అమ్మకు పాముల భయం. (ఆ ఊళ్ళో పాము కనబడితే పేపర్లో వేస్తారని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నమ్మలేదు.) పూర్వం సారే కోసుకునేవారట. మోకాలి ఆపరేషన్ అయ్యాక, తోసే మిషన్ నా చేతికొచ్చింది, పైగది తాళంచెవి కూడా వచ్చింది.

పచ్చిక అంటే మన కుండీల పక్కన ఉండే ముచ్చటైన పచ్చిక అనుకునేరు. అదొక చిన్న కొండ. ఇంటి వెనక నుంచి కిందికి జారి, ఆపిల్ చెట్ల మధ్య తిరిగి, మళ్ళీ పైకి ఎక్కేది. మిషన్ కూడా సార్ కొలువులో చేరినప్పటిదే, ఇంకా రిటైర్ కాలేదు. దిగేటప్పుడు అది నన్ను లాక్కుపోయేది, ఎక్కేటప్పుడు నేను దాన్ని లాక్కొచ్చేవాణ్ణి. మధ్యాహ్నం వాళ్ళు పడుకునే వేళ మోత చెయ్యకూడదు, ఆదివారం అసలే కూడదు, వాన పడితే వీల్లేదు. ఇవన్నీ పోగా మిగిలిన వేళల్లోనే నా క్లాసులు ఉండేవి. అయినా నాకు కష్టమనిపించేది కాదు. పని అయ్యాక అమ్మ గట్టుమీద కూర్చోబెట్టి చల్ల ఇచ్చేది, అన్నం పెట్టేది. నేను రెండోసారి వద్దనేవాణ్ణి. ఆకలి ఉండేది, అయినా వద్దనేవాణ్ణి. మనవాళ్ళ మొహమాటం సంగతి మీకు చెప్పాలా? (మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే సామెత ఒకటుంది. పెద్దలూ పిల్లలూ చదివేచోట పూర్తిగా రాయలేను.)

ఒక వసంతకాలం పొద్దున, టీ తాగుతూ సార్ కప్పు కింద పెట్టి, "ఆల్సో," అన్నారు. అది జర్మన్ మాట, "సరే మరి" అన్నట్టు. ఆయన "ఆల్సో" అన్నారంటే ఏదో తీర్మానం అయిపోయిందని అర్థం. "ఇగ సీటున్న గడ్డిమిషను కొందమనుకుంటున్న. మీద కూసోని కోసేది. నువ్వు ఇంజినీరువు గదా, జర చూడు. పైసలు మాత్రం గింతే ఉన్నయి." అని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య వడ్లగింజ పట్టేంత సందు చూపించారు. అమ్మ నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం లెక్క మొదలైంది. కూర్చుని కోసేది వస్తే మోకాలితో పనేముంది? సారే కోసుకుంటారు. సార్ కోసుకుంటే నేనెందుకు? నేను లేకపోతే పైగది ఎందుకు? కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి గురించి విన్నాను గానీ, ఏ గొడ్డలి బాగుంటుందో చూసిపెట్టమని వాణ్ణే అడగడం మాత్రం నాతోనే మొదలు.

యూనివర్సిటీలో మాకొక సీనియర్ ఉండేవాడు. గుంటూరు మనిషి, మేమంతా సలహాల అన్న అనేవాళ్ళం. వెళ్ళి మొర పెట్టుకుంటే, "ఇందులో ఏవుందిరా? 'మిషన్ వచ్చాక నేనుండాలా, పోవాలా' అని అడిగెయ్. నోరు లేదా నీకు?" అన్నాడు. "ఎట్ల అడుగుతరన్నా? వాళ్లకు ఎల్లగొట్టే ఆలోచన లేకుంటే మనమే గుర్తుచేసినట్టు. ఉంటే, పాపం, మొహం మీద చెప్పలేక ఎంత ఇబ్బంది పడుతరు?" అన్నాను. అన్న నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వు బాగుపడవురా," అని, ఎందుకైనా మంచిదని ఎవరిదో గది ఖాళీ అవుతోందని వాళ్ళ ఫోన్ నంబర్ రాసిచ్చాడు. ఇదే ఒక జర్మన్ కుర్రాడైతే టీ కప్పు కింద పెట్టకముందే అడిగి, జవాబు విని, బిస్కెట్ కూడా తినేసి ఉండేవాడు.

ఇక మిషన్ల వేట మొదలైంది. శనివారం శనివారం ముగ్గురం కారెక్కి దుకాణాలకు వెళ్ళేవాళ్ళం. కొత్తవి వరసగా, పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ నిలబడి ఉండేవి. ధర చూడగానే సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసేవారు. తుడిచినందువల్ల ధర తగ్గేది కాదు. ప్రతి మిషన్ దగ్గరా నన్నే ఎక్కించేవారు. "ఏదీ, జర కూసో. సీటు ఎట్లుంది? కాళ్లు అందుతున్నయా?" అనేవారు. ఆయన మోకాలికి ఎక్కడం కష్టం కాబట్టి, బయట నిలబడి ఎలా ఉంటుందో చూసుకుంటున్నారనుకున్నాను. పెళ్ళిచూపులకు తోడుగా వెళ్ళినవాడిచేత బాసికం కట్టించి చూసినట్టుండేది నా పని.

నాకు మిషన్ల మీద ద్వేషం ఉంది కాబట్టి, వంకలు వెతకడం తేలికయింది. నిజం చెప్పాలంటే వెతకాల్సిన అవసరమే రాలేదు. మన డబ్బుకు వచ్చేవాటిలో వంక లేనిది లేదు. ఒకదానికి వెనక గడ్డి పట్టే డబ్బా లేదు, కోసిన గడ్డిని పక్కకు చిమ్ముతుంది. మా పక్కన చిమ్మితే పడేది పక్కింటావిడ గులాబీల మీద. ఇంకొకటి వాలులో నడపకూడదని పుస్తకంలోనే రాసి ఉంది. మరొకటి అన్నివిధాలా బాగుంది, ధర కూడా కుదిరింది, నాకు చెమటలు పట్టాయి. చివరికి టేపుతో కొలిస్తే మా షెడ్డు తలుపుకన్నా అది జానెడు వెడల్పు. ఆ క్షణంలో నా మొహంలో వెలిగిన వెలుగు చూసి సార్ పొంగిపోయారు. "చూసినవానే, పిల్లగాడు ఎంత బారీకుగ చూస్తున్నడో! మన పైసలు పోనియ్యడు," అని అమ్మతో అన్నారు. నేను వద్దన్నకొద్దీ నామీద నమ్మకం పెరిగింది. నమ్మకం పెరిగినకొద్దీ ఇంకో దుకాణం.

ఆఖరికి పాత సామాన్ల ప్రకటనల్లో అమ్మే కనిపెట్టింది. రెండు ఊళ్ళ అవతల ఒక ముసలి రైతు, వాడిన మిషన్ అమ్ముతున్నాడు. మా షెడ్డులో పడుతుంది, వాలు ఎక్కుతుంది, వెనక డబ్బా ఉంది. ధర సార్ చూపించిన వడ్లగింజకన్నా కాస్త పైన. "ధర ఖాయం అని రాసిండు. బేరం అడగొద్దు," అన్నారు సార్ కార్లో. "రాస్తరు. రాసినదంత ఇచ్చి వస్తమా?" అంది అమ్మ. "ఇది జర్మనీ." "మనిషే గదా అమ్మేది?" అంది అమ్మ. సార్ గేరు మార్చారు.

రైతు మంచి భారీ మనిషి. తనే ఎక్కి, పెరడంతా రెండు చుట్లు తిప్పి చూపించాడు. మిషన్ చక్కగా నడిచింది. నా ఉసురు తగిలి ఆగిపోతుందేమోనని చూశాను, ఆగలేదు. దిగాక అమ్మ రంగంలోకి దిగింది. ఆవిడ జర్మన్‌లో క్రియలు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి గానీ, బేరంలో తడబాటు ఉండేది కాదు. సీటు చిరిగింది, అంది. "అవునండీ, చిరిగింది," అన్నాడు రైతు. టైర్లు అరిగాయి, అంది. వంగి చూసి, "నిజమే, ముందువి ఎక్కువ అరిగాయి," అన్నాడు. రంగు పోయింది, అంది. ఇటువైపు కూడా పోయిందని తీసుకెళ్ళి ఇంకోవైపు చూపించాడు. ఇలా తనే ఒప్పుకునేవాడితో బేరమెలా ఆడతారు? అయినా అమ్మ తగ్గించి ఒక ధర చెప్పింది. ఆయన మర్యాదగా తలూపి, "ఇవన్నీ చూసుకునే ఆ ధర పెట్టానండీ," అన్నాడు.

అప్పుడు అమ్మ తన ఆఖరి అస్త్రం తీసింది. తెలుగువాళ్ళకు అది చెప్పక్కర్లేదు. "నడువుండ్రి. ఎనకకు చూడొద్దు. పిలుస్తడు," అని తెలుగులో హుకుం వేసి, కొంగు సర్దుకుని కారు వైపు నడిచింది. చీరల దుకాణంలో అయితే మెట్టు దిగకముందే "అమ్మా, ఒక్క మాట, రాండ్రి" అని వినపడాలి. వినపడలేదు. అమ్మ నడక తగ్గించింది. చెప్పులో రాయి పడ్డట్టు ఆగి దులుపుకుంది. వెనక నుంచి "శాడె," అని మాత్రం వినపడింది. అయ్యో, ఏంచేస్తాం, అన్నట్టు. నేను మెల్లగా తిరిగి చూశాను. ఆయన మిషన్ మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా జాగ్రత్తగా రాళ్ళు పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ముగ్గురం కార్లో కూర్చున్నాం. సార్ తాళంచెవి తిప్పబోతే, "ఆగుర్రి, వస్తడు," అంది అమ్మ. సార్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి నిజంగానే తలుపు తెరుచుకుంది. "చూసిన్రా!" అంది అమ్మ. రైతు బయటికొచ్చాడు, మా వైపు నడిచాడు, గేటు పక్కనున్న చెత్తడబ్బాను పట్టుకున్నాడు, మాకు చెయ్యూపి క్షేమంగా వెళ్ళిరండి అని, డబ్బా లాక్కుంటూ లోపలికి పోయాడు. నాకు లోలోపల ఉగాది పచ్చడిలో బెల్లంముక్క తగిలినట్టుంది. బేరం తప్పిపోయింది, గది నిలబడింది! అప్పుడు అమ్మ వెనక్కి తిరిగి, నా చెయ్యి పట్టుకుని, "కొడుకా, నువ్వు పోయి అడుగు. మేం పోతె ఇజ్జత్ పోతది. ఆయన చెప్పిన ధరకే తీసుకుంటమని చెప్పు," అంది.

కారు నుంచి ఆ తలుపు దాకా ఎంత దూరమో నాకింకా గుర్తుంది. నన్ను ఇంట్లోంచి పంపించే మిషన్‌కు నేనే వెళ్ళి బెల్లు కొట్టాలి. "అమ్మేశాడట" అని చెబుదామా అనుకున్నాను. వేసిన టార్పాలిన్ వేసినట్టే కారుకు ఎదురుగా కనిపిస్తోంది, ఆ అబద్ధం నిలబడదు. వెనక్కి చూస్తే కారు అద్దంలోంచి అమ్మ, పరీక్ష హాల్లోకి పంపిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తోంది. బెల్లు నొక్కాను. తలుపు తీసిన రైతుకు ఆశ్చర్యమే లేదు. "ఆలోచించుకున్నారా? మంచిది. నేనే ట్రెయిలర్ మీద తెచ్చి దింపుతాను, ఊరికే," అన్నాడు. ఈ మాట చెబితే అమ్మ మొహం వెలిగిపోయింది. "చూసినవా, నడిచినం గాబట్టే ఊకెనే తెస్తనన్నడు!" (ఊరికే తెచ్చి దింపుతానని ప్రకటనలో రెండో వరుసలోనే ఉంది. సార్‌కూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూశాం.)

మిషన్ వచ్చే రోజుకే నేను సలహాల అన్న ఇచ్చిన నంబర్‌కు ధైర్యం కూడగట్టి ఫోన్ చేసి, గది చూడడానికి టెర్మిన్ (అపాయింట్‌మెంట్) తీసుకున్నాను. పంపించేదాకా ఉండడం కన్నా మనమే మర్యాదగా కదిలితే వాళ్ళకు ఇబ్బంది ఉండదని నా ఆలోచన. రైతు చెప్పిన వేళకు చెప్పినట్టే వచ్చి, పలకలు వేసి మిషన్ దింపాడు. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది, ఆయన అదేదో పెయింట్ గుర్తనుకుని మెచ్చుకున్నాడు. తర్వాత సీటు కింద మీట పట్టుకుని, "నడిపేది ఎవరు? సీటు వాళ్ళ కాళ్ళకు సరిపడా జరపాలి," అన్నాడు. నేను సార్ వైపు చూపించాను. అదే క్షణంలో సార్, అమ్మ ఇద్దరూ నా వైపు చూపించారు. మూడు చేతులు గాల్లో ఉన్నాయి. రైతు ఒక్కొక్క చేతినీ చూసి, ఎవరో ఒకరు తేల్చుకునేదాకా ఆగుతానన్నట్టు మీట వదిలేశాడు.

"నేనా? నాకు టెర్మిన్ ఉంది సార్," అన్నాను. "ఏం టెర్మిన్?" అన్నారు సార్. అబద్ధం తోచలేదు. "రూము చూసుకుందామని..." "రూమెందుకు?" "మిషన్ వచ్చింది గదా సార్. ఇగ మీరే కోసుకుంటరు గదా. నేనెందుకని..." ఇంక గొంతు రాలేదు. గొంతు డాక్టరు ఎదురుగానే ఉన్నా లాభం లేకపోయింది. సార్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అమ్మే దగ్గరికొచ్చింది. "పిచ్చి పిల్లగా! ఇది నీ కోసం గాదా? పరీక్షలప్పుడు అన్నం ముందట కూసోనే నిద్రవోతివి. గా మిట్టల మీద మిషన్ నూకి నూకి చేతులన్నీ బొబ్బలాయె. నాకు ముద్ద దిగుతదా? నీకని చెప్తె వద్దంటవు గదా, చల్ల గూడ రెండో గిలాస వద్దంటవు. అందుకే తన కోసమే అని చెప్పుమన్న సార్‌ను." సార్ కళ్ళజోడు పెట్టుకుని, "ఆల్సో," అన్నారు. "ఆ టెర్మిన్ క్యాన్సిల్ చెయ్. ఫోన్ నేను చేస్తలే, నీకు భయం గదా."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచుకోవాలి, బాగానే వచ్చింది. అది వాళ్ళకు కనబడకుండా ఉండడానికే మిషన్ ఎక్కి కూర్చున్నాను. రైతు సీటు జరిపాడు, ఇంజన్ అందుకుంది, కదిలాను. ఆపిల్ చెట్టు దగ్గర చిన్న మిట్ట ఎక్కగానే ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఎగిరిపడగానే ఆగిపోయింది. నా ఉసురు ఇప్పుడు తగిలిందా అనుకున్నాను. రైతు వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. సీటు కింద ఒక స్విచ్ ఉందట. మనిషి పడిపోతే కత్తులు తిరగకూడదని, సీటు మీద బరువు లేకపోతే ఇంజన్ ఆపేస్తుందట. స్ప్రింగు ఆయన భారీ ఒంటికి సరిపడేది. మిట్ట వచ్చినప్పుడల్లా నేను కాస్త గాల్లోకి లేస్తున్నాను, మిషన్ దృష్టిలో నేను అప్పుడు లేను. "స్ప్రింగన్నా మార్చాలి, మనిషినన్నా మార్చాలి," అన్నాడు ఆయన. సార్ దాన్ని తెలుగులో చెప్పగానే అమ్మ, "స్ప్రింగుకు పైసలెందుకు దండుగ? పిల్లగాన్నే మారుద్దం," అంది. ప్రస్తుతానికి లోపలికి పోయి సోనామసూరి బియ్యం సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి తువ్వాలతో కట్టేసింది.

ఆ ఎండాకాలమంతా నేను బియ్యం సంచీని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని గడ్డి కోశాను. పక్కింటావిడ గులాబీల మీంచి చూసి, ఇది మీ దేశంలో ఆచారమా అని సార్‌ను అడిగిందట. అవునని చెప్పారట. మరోపక్క అమ్మ తన పని తాను చేసుకుపోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, ఈవిడ వద్దన్నా పెట్టేది. "వద్దమ్మా" అంటే "నీకు గాదు, మిషన్‌కు" అని ఇంకో గరిటె వేసేది. మిషన్ తరఫున నేనెలా వద్దంటాను? తినేవాణ్ణి. ఆకులు రాలే కాలానికి సంచీ అవసరం తీరిపోయింది. అందులో బియ్యం తగ్గినకొద్దీ నా బరువు పెరిగింది, మొత్తానికి సీటు మీద తేడా రాలేదు.

ఇప్పుడు నేను బ్రెమెన్‌లో విమానాల రెక్కలకు లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తున్నాను. ఇంటిముందు దుప్పటంత పచ్చిక ఉంది. మా ఆవిడ అన్నం కప్పుతో కొలిచి పెడుతుంది, పైగా ఇక్కడ నన్ను చూసే డాక్టరు కూడా ఆవిడ పక్షమే. మొన్న ఎండాకాలం అందరం కలిసి సార్ వాళ్ళింటికి వెళ్ళాం. సార్ ఇప్పుడు కర్రతో నడుస్తున్నారు. పైగదిలో వరంగల్ కుర్రాడొకడు ఉన్నాడు, వాడూ రెండో గ్లాసు వద్దంటాడట. షెడ్డులో ఆ మిషన్ అలాగే ఉంది. ఎక్కి కూర్చున్నాను. సీటు కింద స్ప్రింగు దీనంగా మూలిగింది. ఆపిల్ చెట్టు మిట్ట మీదికి కావాలనే పోనిచ్చాను. నేనూ ఎగరలేదు, ఇంజనూ ఆగలేదు. ఒకప్పుడు ఆ మిట్ట మీద గాల్లోకి లేచిన ఆ బక్కవాడు ఎక్కడ దిగిపోయాడో ఏమో అనిపించింది. చుట్టు తిరిగి గట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బక్కగైనవ్ బిడ్డా. తింటలేవా?" అంది.

మా ఆవిడ నోరు తెరిచేలోపే నేను, "అవునమ్మా, మస్తు ఆకలైతుంది. ఇంకో ముద్ద పెట్టు," అన్నాను. ఆ ఇంట్లో నేను నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి.